జీవనామములు : యోగమును రూఢియు

కావ్యపాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఏటేట ఎదురగు చిక్కులలో ‘వృక్షవిశేషము’ అను మాట యొకటి. వనవర్ణనఘట్టము వచ్చును; పద్యములలో ఇరువది చెట్ల పేర్లు వరుసగా నుండును; విద్యార్థి నిఘంటువును తెఱచును. అందు మద్ది యొక వృక్షవిశేషము, చండ్ర యొక వృక్షవిశేషము, పొగడ మఱియొక వృక్షవిశేషము. చెట్టని తెలిసినది గాని ఏ చెట్టో తెలియలేదు. ఈ కొఱతను తీర్చుటకై ఇటీవలి వ్యాఖ్యాతలును పరిశోధకులును ఒక సులభోపాయమును అవలంబించుచున్నారు. ప్రతి చెట్టుపేరు ప్రక్కను ఒక లాటిను పేరు చేర్చుదురు. దానితో తమ పని ముగిసినదని వారి విశ్వాసము. లాటిను పేరున్నచోట సందేహము నిలువదని చదువరి విశ్వాసము.

మా అభిప్రాయమున ఇది ఒక తెలియని మాటకు మఱియొక తెలియని మాటను పర్యాయముగా నిచ్చుటయే. లాటిను పేరు తెలుగుమాటకు అర్థము కాజాలదు. అది తార్కికులు చెప్పు ప్రతిజ్ఞవంటిది. ‘ఈ కవి చెప్పిన చెట్టును, ఫలానా వృక్షభాండాగారమున ఎండబెట్టి భద్రపఱచిన ఫలానా కొమ్మయు ఒకే జాతివి’ అని దాని తాత్పర్యము. ప్రతిజ్ఞకు హేతువు కావలెను. హేతువును చూపవలెనన్నచో ఆ పేర్లు ఎట్లు పుట్టుచున్నవో, ఎట్లు నిలుచుచున్నవో, ఏల మాఱుచున్నవో కొంత తెలిసియుండవలెను. జీవశాస్త్రము మా శాస్త్రము కాదు. కాని పేరు పెట్టుట, పేరు నిలుపుట అనునవి శబ్దార్థవిచారమునకు చెందినవి గనుక ఈ విషయమున భాషాధ్యాపకులకును మాట యాడు నధికారము కలదు.

పదము అర్థమును బోధించు తెఱగును బట్టి మన ప్రాచీనులు యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిన సంగతి చదువరులకు క్రొత్త గాదు. అవయవముల యర్థమే పదార్థమైనచో యౌగికము. అవయవార్థముతో పనిలేక సమూహమునకే అర్థము ఏర్పడినచో రూఢము. బురదలో పుట్టునవి ఎన్నియున్నను తామరకు మాత్రమే చెల్లు పంకజశబ్దము యోగరూఢము. జీవశాస్త్రజ్ఞుల నామకరణమును పరీక్షించుటకు ఈ మూడు మాటలకంటె మంచి పనిముట్లు మాకు కానరాలేదు.

లిన్నేయసునకు పూర్వము ఐరోపాఖండమున శాస్త్రజ్ఞులు వాడిన వృక్షనామము తఱచుగా ఒక లక్షణవాక్యమై యుండెడిది. ముండ్లులేని మెత్తని కాడయు, ఈకవలె చీలిన ఆకులును గల ఫలానా కూటపు మొక్క అని యింతయు ఒక పేరు. ఇట్టిది శుద్ధయౌగికము. క్రొత్త మొక్క దొరకినప్పుడెల్ల పాత పేరున అతివ్యాప్తిదోషము కలుగును. దానిని వారించుటకు మఱియొక విశేషణము చేర్పవలసివచ్చును. పేరు పెరుగుచునే యుండును. 1753లో ప్రకటించిన వృక్షజాతుల గ్రంథమున లిన్నేయసు ఆ దీర్ఘలక్షణములను ఉంచియే, పుటల యంచున జాతికొక చిన్న మాటను చేర్చెను. ప్రజాతి పేరుతో ఆ చిన్న మాట కలిసి రెండు మాటల పేరయ్యెను. చిత్రమేమనగా, లిన్నేయసు దృష్టిలో అసలు పేరు ఆ దీర్ఘవాక్యమే. అంచునందలి మాట వాడుక సౌకర్యమునకై పెట్టినది. లోకము పుటను విడిచి అంచును గ్రహించినది. నేటికిని వృక్షనామములకు ఆ 1753వ సంవత్సరపు గ్రంథమును, జంతునామములకు 1758లో వెలువడిన ఆతని మఱియొక గ్రంథపు పదవకూర్పును ఆదిగా లెక్కించుచున్నారు.

ఈ సంస్కారపు గుణము క్లుప్తత యని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. అది పైకి కానవచ్చు గుణము మాత్రమే. నామము లక్షణమునుండి విడివడుటయే అసలు సంగతి. పేరు చూడ యౌగికముగానే యుండును. పని మాత్రము రూఢమువలె చేయును. మోదుగను తీసికొందము. గడచిన తరముల వైద్యగ్రంథములందు దీనికి బ్యూటియా ఫ్రాండోసా యను పేరు కనబడును. నేటి పేరు బ్యూటియా మోనోస్పెర్మా. మొదటిమాటకు ఆకులు దండిగా గలదియనియు, రెండవదానికి ఒకే విత్తు గలదియనియు అర్థము. ఆకురాలిన కొమ్మలపై నిప్పువంటి పూలు పూచు చెట్టును ఆకులచెట్టని పిలుచుట కవికి నవ్వు పుట్టింపవచ్చును. విస్తళ్లు కుట్టువానికి అదియే తగిన పేరు. మోదుగకాయలో ఒకే విత్తుండుటయు నిజమే. అయినను రెండవ పేరు నెగ్గుటకు కారణము దాని సత్యము గాదు. లామార్కు 1783లోనే మోనోస్పెర్మా యను మాటను ప్రకటించియుండెను. తరువాత వచ్చిన ఫ్రాండోసా దానికి చోటీయవలసివచ్చినది. లామార్కు ఆ చెట్టును బారిజపు ప్రజాతిలో చేర్చినాడు. ఆ చేర్పు నిలువలేదు. చేర్పు పోయినను మాటకు గల ప్రాథమ్యము పోలేదు. 1894లో టౌబెర్టు ఆ పాత మాటను తెచ్చి బ్యూటియాతో జతపఱచెను. ఇక బ్యూటియా యనునది 1762–63లలో ఇంగ్లండు ప్రధానమంత్రిగా నుండిన బ్యూటు ప్రభువు పేరు. ఆయన వృక్షశాస్త్రాభిమాని, అంతకుమించి మోదుగకును ఆయనకును సంబంధము లేదు.

లక్షణమును విడిచిన పేరు గాలికి పోకుండ పట్టియుంచునది మూలనమూనా. ఒక జాతికి పేరు పెట్టినవాడు ఒక కొమ్మనో, ఒక తోలునో, కొన్నిచోట్ల ఒక పటమునో సాక్షిగా నిలుపును. ఆ నమూనా తన జాతికి సగటు రూపము గానక్కఱలేదు. పురుగుతిన్న కొమ్మయైనను చాలును. పేరు పశువనుకొన్నచో నమూనా గుంజ. తరువాతి పండితులు త్రాటిని పొడిగించి ఎక్కువ మేర మేపవచ్చును, కుదించి తక్కువ మేపవచ్చును. గుంజ యున్నచోటనే పేరుండును. మన నిఘంటుకారులు ప్రయోగమును ఉదాహరించుట ఇట్టిదే. ప్రయోగములేని అర్థమునకును, నమూనాలేని పేరునకును గల బలమొకటే.

ఆ గుంజను పెఱికి వేఱొకచోట పాతిన సందర్భమును కలదు. అకేసియా యనునది ప్రాచీన గ్రీకులు ఈజిప్టునందలి ఒక ముండ్లచెట్టును పిలిచిన పేరు. ఆ చెట్టు మన నల్లతుమ్మయే. లిన్నేయసు తరువాతి వారు ఆ పేరు క్రింద ప్రపంచమందలి తుమ్మలను, చండ్రలను, ఆస్ట్రేలియాలో పెరుగు వేయికి దగ్గఱయైన జాతులను ఒకచోట చేర్చిరి. ఇది ఒకే ప్రజాతి గాదని తేలిన పిమ్మట పాత పేరు ఎవరికి దక్కవలెనను వివాదము పుట్టినది. న్యాయముగా అది గుంజయున్న నల్లతుమ్మకు దక్కవలెను. కాని అట్లయినచో ఆస్ట్రేలియావారు వందలాది పేర్లను మార్చుకొనవలెను. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభలో గుంజను మార్చుటకు సమ్మతింపనివారే అధికసంఖ్యాకులైరి. అయినను ప్రతిపాదనను త్రోసిపుచ్చుటకు నూటికి అఱువది ఓట్లు కావలెనను నియమముండుటచే వారి మాట సాగలేదు. 2011లో మెల్బోర్నులో ఆ నిర్ణయమే స్థిరపడినది. ఇప్పుడు అకేసియా యను పేరు చాలవఱకు ముండ్లులేని ఆస్ట్రేలియా చెట్లది. ముండ్లున్న మన తుమ్మలు వాచెలియా లయినవి, చండ్ర సెనెగాలియాలో చేరినది. ముంటిచెట్టు పేరు ముంటిచెట్టును విడిచి పోయినది. రూఢి యోగమును గెలుచుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మన వ్యాకరణగ్రంథములలోను దొరకదు.

అయినను పేరులోని యోగార్థము పూర్తిగా చచ్చినదని తలంపరాదు. దక్షిణాఫ్రికాలో నల్లవారిని నిందించుటకు వాడు మాట యొకటి అనేక వృక్షముల జాతినామములలో కాఫ్రా యను రూపమున నిలిచియుండెను. 2024లో మాడ్రిడ్ మహాసభవారు ఓటు తీసికొని, ఇన్నూటికి పైబడిన ఆ పేర్లను ఆఫ్రికాను స్ఫురింపజేయునట్లు ఆఫ్రా యని దిద్దిరి. అక్షర మొకటి పోయినది. పేరు గుర్తుమాత్రమే యని నూటయేబదేండ్లు వాదించిన శాస్త్రము, గుర్తునకును చెవి యున్నదని ఒప్పుకొనినట్లయినది.

ఇంతవఱకు చెప్పినది పేరును గూర్చి. విభాగము వేఱొక సంగతి. మన నిఘంటువులందలి వర్గులకును జీవశాస్త్రజ్ఞుల వర్గములకును పోలిక తెచ్చు వ్యాసములు అప్పుడప్పుడు కనబడుచుండును. ఆంధ్రనామసంగ్రహమున స్థావరవర్గు, తిర్యగ్వర్గు ఉన్నమాట నిజమే. అమరసింహుడు వనౌషధులకు ఒక వర్గము కేటాయించినదియు నిజమే. ఇవి పదములను వెదకువానికి సౌకర్యము కలిగించు పేటికలు. తెలుగు వ్యాకరణము పశుపక్ష్యాదులను రాళ్లతోపాటు అమహత్తులలో చేర్చినది; వ్యాకర్తకు ఎద్దునకును రాతికిని భేదము తెలియదని ఎవరును అనరు. ఆతనికి కావలసినది క్రియాపదముతోడి అన్వయము. ఏ విభాగమైనను ప్రయోజనమును బట్టి యుండును. లిన్నేయసు పువ్వులలోని కేసరములను లెక్కించి మొక్కలను ఇరువదినాలుగు తరగతులు చేయుటయు ఇట్టి సౌకర్యమే. 1859లో డార్విను గ్రంథము వచ్చిన పిదప జీవశాస్త్రజ్ఞుల ప్రయోజనము మాఱినది. విభాగము వంశవృక్షమును అనుసరింపవలెను. ఒక తల్లికి పుట్టినవి ఒకచోట నుండవలెను. పోలిక సాక్ష్యము మాత్రమే, తీర్పు పుట్టుకది.

తామర, కలువలు దీనికి నిదర్శనము. రెండును నీటిపూలే, రెండింటికిని గుండ్రని ఆకులే. లిన్నేయసు రెండింటిని నింఫియా యను ఒకే ప్రజాతిలో నుంచెను. 1763లో అడాన్సను తామరను విడదీసి, సింహళపు మాట నాధారముగా గొని నీలంబో యని పేరు పెట్టెను. అయినను అవి దగ్గఱి చుట్టములే యని చిరకాలము భావించిరి. 1990 తరువాత వంశబీజద్రవ్యమును పోల్చిచూచినప్పుడు, పుష్పించు మొక్కలలో కలువది అతిప్రాచీనముగా విడిపోయిన శాఖ యనియు, తామర దానికి చాల దూరమై, చినారు మొదలైన పెద్ద చెట్లకు దాయాది యనియు తేలినది. మన కవులు తామరను సూర్యునకును కలువను చంద్రునకును ఇచ్చి, ఆ రెంటిని ఎన్నడును కలుపలేదు. దీనిని చూపి మన కవులకు వంశవృక్షము తెలియునని చెప్పుట మాత్రము హాస్యాస్పదము. వారు చూచినది పూవు విచ్చు వేళను. పరిశీలన సత్యమైనది, దానినుండి వంశమును గ్రహించుట వారి ప్రయోజనము గాదు.

ఈ సందర్భముననే మన పారిభాషికపదములను గూర్చి యొకమాట. పాఠ్యగ్రంథములలో జాతి, ప్రజాతి, కుటుంబము అను మాటలు స్థిరపడినవి. తార్కికుల జాతి నిత్యము, మార్పులేనిది. గోత్వము గోవులు లేనప్పుడును ఉండును. జీవశాస్త్రపు జాతి పుట్టును, చీలును, అంతరించును. కుటుంబమనగా ఒక యింట కాపురముండువారు. శాస్త్రమున ఉద్దేశింపబడినది సంతతి గనుక వంశమను మాటయే దగ్గఱగా నుండెడిది. ఈ యాక్షేపణలు సరియైనవే. కాని వీనిని బట్టి ఆ మాటలను మార్పవలెనను వారితో మేము ఏకీభవింపము. మోనోస్పెర్మాకు ఏ న్యాయమో కుటుంబమునకును అదే న్యాయము. వాడుకలో నాటుకొనిన పిదప యోగార్థమును త్రవ్వి మాటను పెఱుకుట పనికిరాదు. మాకు అభ్యంతరమైనది వేఱొకటి. లాటిను జాతినామములనే సంస్కృతసమాసములుగా అనువదించి ‘ఏకబీజ’ మొదలైన పేర్లు కల్పించు అలవాటు కొన్ని పుస్తకములలో కానవచ్చుచున్నది. లాటినున చచ్చిన యోగార్థమును తెలుగున బ్రతికించుటవలన పేరు మరల లక్షణవాక్యమగును. 1753కు పూర్వపు చిక్కును మనము కోరి తెచ్చుకొన్నట్లగును. మోదుగ యను మాట యుండగా దానికి లక్షణము చెప్పు పేరు దేనికి?

ఇక మన తెలుగు పేర్ల రచనను పరీక్షింతము. మన చెట్టుపేర్లు పెక్కులు విశేషణపూర్వపదములు: నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరితుమ్మ, పచ్చగన్నేరు, బిళ్లగన్నేరు, దేవగన్నేరు, రాచఉసిరి, నేలఉసిరి. ఉత్తరపదము ప్రజాతి, పూర్వపదము జాతి యనునట్లు చూడగానే తోచును. లిన్నేయసుకంటె ముందే మనకు రెండుమాటల పేర్లున్నవని గర్వించుటకు ఇంత చాలును. పలువురు గర్వించినారు కూడ. లాటిను వరుస తలక్రిందులుగా, ప్రజాతి ముందు జాతి వెనుక అని మాత్రమే భేదము.

గర్వించుటకు ముందు పేర్లను ఒక్కొక్కటిగా త్రిప్పి చూడవలెను. ఉసిరి పెద్ద చెట్టు. నేలఉసిరి జానెడు మొక్క. అయినను సన్నని రెమ్మలకు ఇరుప్రక్కల చిన్న ఆకులు వరుసదీరి, రెమ్మయే ఒక ఈనెవలె కనబడు తీరు రెంటికిని సమానము, రాచఉసిరికిని అంతే. శాస్త్రజ్ఞులు ఈ మూడింటిని చిరకాలము ఫిల్లాంథస్ అను ఒకే ప్రజాతిలో నుంచిరి. ఇటీవల దానిని పలు ప్రజాతులుగా చీల్పవలెనను ప్రతిపాదన వచ్చినను, వాని చుట్టఱికమును కాదన్నవారు లేరు. పరిమాణమునకు మోసపోక రెమ్మను చూచిన తెలుగువాని కన్ను మెచ్చదగినది. గన్నేరుల సంగతి ఇంకను వింత. పచ్చగన్నేరును దేవగన్నేరును అమెరికా ఉష్ణప్రాంతమునుండి వచ్చినవి, బిళ్లగన్నేరు మడగాస్కరుది. పరదేశపు మొక్కలను మనవారు పాత గన్నేరు ప్రక్కను కూర్చుండబెట్టిరి. నాలుగును వేఱువేఱు ప్రజాతులే గాని నాలుగును అపోసైనేసీ యను ఒకే కుటుంబమువి. మొగ్గలో ఐదు రేకులును ఒకదానిపై నొకటి మెలితిరిగియుండుట వాని గుర్తు.

ఇట్లని నేలవేమును చూచినచో కథ తిరుగబడును. నేలఉసిరిలోని నేలయే నేలవేములోను ఉన్నది; కాని నేలవేమునకును వేపకును ఏ చుట్టఱికమును లేదు. అది అడ్డసరపు కుటుంబమున చేరిన చిన్న మొక్క. చేదు ఒక్కటే వానిని కలిపినది. కరివేప మఱియొక తెఱగు. అది నారింజ కుటుంబమునకు చెందినది. ఆకు అమరికను బట్టి వేపతో పోల్చిరి. ఆ రెండు కుటుంబములును ఒకే క్రమమున నున్నమాట నిజమేగాని అది దూరపు బంధుత్వము. కావున ‘నేల + క’ అను ఒకే రచనలో ఒకచోట ఉత్తరపదము వర్గవాచి, మఱియొకచోట ఉపమానవాచి. నేలఉసిరి ఉసిరియే, నేలవేము వేము వంటిది. ఈ భేదమును సమాసవిగ్రహమే చెప్పవలెను. చెప్పవలసిన నిఘంటువులు చెప్పుటలేదు. ఎఱ్ఱచందనము ఈ రెండవ తెగది. అది చిక్కుడు కుటుంబపు చెట్టు. చందనమునకు జ్ఞాతి గాదు. ఇందు లాటినువారిని ఎత్తిపొడుచుటకు వీలులేదు, మనలను పొగడుకొనుటకును వీలులేదు. వారు పెట్టిన సాంటలైనస్ అను జాతినామమునకును చందనమువంటిది యనియే యర్థము.

తుమ్మల విషయమున మాత్రము తెలుగుపేర్లు చేసిన విభాగము విశేషముగా ఆలోచింపదగినది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరితుమ్మ మూడును నేడు వాచెలియాలే. చండ్రయు సీకాయయు సెనెగాలియాలు. వానిని ఎవరును తుమ్మలనలేదు. శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దములు కలిపియుంచి ఇటీవల విడదీసినవానిని మనవారు ఎన్నడును కలుపనేలేదు. కారణము కన్నులకు కనబడునదే: తుమ్మకు ఆకుమొదట నిలువుగా, జంటగా, సూటి ముండ్లు; చండ్రకును సీకాయకును గోటివలె వంగిన కొక్కెపు ముండ్లు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ రెండు ప్రజాతులకు చెప్పు భేదకలక్షణములలో ఇది యొకటి. గొఱ్ఱెలకాపరి చేతికి గ్రుచ్చుకొని తెలిసికొన్న భేదమిది. అదే కాపరి వంద సంవత్సరములక్రింద వచ్చిపడిన అమెరికా చెట్టును సర్కారుతుమ్మ యనెను. శాస్త్రజ్ఞులు దానిని జమ్మితోగూడ ప్రోసోపిస్ అనిరి. 2022లో ఆ ప్రజాతిని చీల్చి దీనిని నెల్టూమాలో చేర్చిరి, జమ్మి ప్రోసోపిస్‌గానే మిగిలినది. దసరానాడు పూజలందు జమ్మికి ఆ కంపతో పొత్తు తప్పినందుకు సంతోషించువారు సంతోషింపవచ్చును. కాని అది తుమ్మయు గాదు. ఇక్కడ కాపరి ముల్లును చూచి మోసపోయినాడు.

ఈ చివరి యుదాహరణము ద్వినామపద్ధతిలోని ఒక లోపమును గూడ బయటపెట్టుచున్నది. రూఢిగా నిలువవలసిన పేరులో విభాగమునకు సంబంధించిన ప్రజాతినామము ఇమిడియున్నది. చుట్టఱికమును గూర్చిన అభిప్రాయము మాఱగానే పేరును మాఱును. నామమును లక్షణమునుండి విడదీసిన లిన్నేయసు విభాగమునుండి విడదీయలేదు. జంతుశాస్త్రజ్ఞులు పాత మాట పోకుండుటకై ఆమ్రేడితమునకును ఒప్పుకొనిరి. మన నాగుపాము నాజా నాజా యయినది. వృక్షశాస్త్రజ్ఞుల నియమములు ఆమ్రేడితమును నిషేధించినవి. ఈ భేదమునకు గట్టి కారణమున్నట్లు మాకు తోపదు.

తెలుగుపేర్లు శాస్త్రమున ప్రవేశించిన చరిత్రయు మన పరిశోధకుల దృష్టికి రావలసియున్నది. లిన్నేయసు శిష్యుడు కోనిగు 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురమున మరణించెను. కరివేప జాతినామమగు కోనిగీ ఆతని స్మరణయే. ఆతని మిత్రుడు రాక్స్‌బర్గు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నుండి, చిత్రకారులచేత మొక్కలను వ్రాయించెను. ఆ పటములలో మూడువందలు 1795–1820 నడుమ లండనున మూడు సంపుటములుగా వెలువడినవి. అందు మొక్కలకు తెలుగుపేర్లను గూడ వ్రాసియుంచెను. సోమిదచెట్టు పేరు సోయ్‌మిడా యను ప్రజాతినామమైనది. విశాఖపట్టణమున పనిచేసిన రస్సెలు 1796లో సర్పములపై గ్రంథము ప్రకటించెను. అందలి బంగారుపామును బట్టి 1803లో డోడాను బుంగారస్ అను ప్రజాతిని ఏర్పఱచెను. పసుపు నలుపు పట్టెలుగల ఆ పామునకు బంగారము తగినది. అదే ప్రజాతిలో తరువాత చేరిన కట్లపామునకు బంగారపు చాయయే లేదు. ఇచ్చటను యోగము చచ్చి రూఢి మిగిలినది. మన పందికొక్కు ఆంగ్లమున బాండికూటై, 1873లో గ్రే చేతిలో బాండికోటా యను ప్రజాతియైనది. మధ్యలో ఆ మాట ఆస్ట్రేలియా చేరి, కడుపుసంచిలో పిల్లలను పెంచు వేఱొక జంతువునకు అంటుకొన్నది. కొక్కు గాని, పంది గాని కాని ఆ జంతువునకు ఈ రెండు మాటలును చెల్లవు. అయినను అక్కడి పిల్లలు నేటికిని దానిని తెలుగుమాటతోనే పిలుచుచున్నారు.

పేర్లు చెప్పిన తెలుగువారి పేర్లు మాత్రము ఆ పుస్తకములలో ఎక్కలేదు. రస్సెలు తన గ్రంథమున ఒక విషసర్పమును కాటుక రేకుల పొడ యను తెలుగుపేరుతోనే వర్ణించెను. నేడు శాస్త్రమున దాని పేరు డబోయియా రస్సెలీ. డబోయియా హిందీ మాట. రస్సెలీ వర్ణించినవాని పేరు.

అశోకము విషయమున ఈ విచారమునకు కావ్యపాఠముతో నేరుగా సంబంధము కలుగుచున్నది. నేడు పట్టణపు వీథులలో, కళాశాలల ఆవరణలలో బారులుతీరిన పొడవైన చెట్టును అందఱును అశోకమనుచున్నారు. దాని పాత తెలుగుపేరు నరమామిడి. పూలు పచ్చగా ఆకులలో కలిసిపోవును. స్త్రీపాదతాడనమున పూచునని కవిసమయము గల అశోకము ఇది గాదు. అది నారింజవన్నెనుండి ఎఱుపునకు తిరుగు పూగుత్తుల చిన్న చెట్టు. రాక్స్‌బర్గు దానికి సర్ విలియం జోన్సు పేరును, దేశనామమును కలిపి జోనేసియా అసోకా యని పేరు పెట్టెను. తరువాతివారు అది లిన్నేయసు సారకా ఇండికాయే యని అసోకాను తొలగించిరి. ఇండికాకు గుంజ జావాద్వీపపు చెట్టనియు, మన అశోకము వేఱు జాతి యనియు 1960ల చివర డచ్చి పండితుడు డివైల్డు నిరూపించి, సారకా అసోకా యని పాత మాటను మరల నిలిపెను. జోన్సు పోయినాడు, అశోకము మిగిలినది. నరమామిడి లాటిను పేరును 2012లో పాలియాల్థియానుండి మోనూనుకు మాఱినది. ఈ సంగతులు తెలియక వ్యాఖ్యలో ‘సారకా ఇండికా’ యని వ్రాయువారు జావాచెట్టును లంకలో నాటుచున్నారు; ‘పాలియాల్థియా’ యని వ్రాయువారు సీతను నరమామిడి క్రింద కూర్చుండబెట్టుచున్నారు. రెండవ పొరపాటు పెద్దది. మొదటిదానిలో చెట్టు తప్పలేదు, పేరు తప్పినది. రెండవదానిలో చెట్టే తప్పినది.

లాటిను పేరు వ్రాయువారు అది ఏ సంవత్సరపు ఏ గ్రంథమును అనుసరించి వ్రాసిరో చెప్పవలెను. తెలుగుపేరును ఏ మండలమున ఎవరి నోట వినిరో, ఏ ప్రయోగమున చూచిరో చెప్పవలెను. ఈ రెండును లేని సమీకరణము నిఘంటువున చేరుటకంటె వృక్షవిశేషమే మేలు, అది అబద్ధమాడదు. రస్సెలు పటముల క్రిందను, రాక్స్‌బర్గు సంపుటములందును ఆంగ్లాక్షరములలో చిక్కుకొనియున్న తెలుగుపేర్లను సరియైన రూపమున చదివి, నేటి వాడుకతో సరిచూచి, విగ్రహముతో సహా ప్రకటించు పని మిగిలియున్నది. ‘పొడ’ యనగా మచ్చయని, ‘రేకు’ ఇచ్చట పూరేకు గాదు గీఁతయని చెప్పుటకు పామును ఎఱిగినవాడు చాలడు. తెలుగును ఎఱిగినవాడు కావలెను.